పోపుల డబ్బాలో నాజిళ్లు

మా వంటింటి అరలో పోపుల డబ్బాలు రెండుంటాయి. ఒకదాంట్లో అందరిళ్లలో ఉండే సామానే. రెండోదాంట్లో గ్యాస్ కట్టింగ్ నాజిళ్లు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లెవరైనా సాయానికని పొయ్యి దగ్గరికి వచ్చి, ఆవాలకని చెయ్యి పెట్టి, వేళ్లకి చల్లగా రాగి తగిలి ఉలిక్కిపడుతుంటారు. నేను అటు తిరక్కుండానే, ‘అది కాదమ్మా, పక్కది’ అంటాను. అన్నీ అలవాటైపోయాయి.

చీపురుపల్లి దాటాక రోడ్డుకి ఆనుకుని మా ఇల్లు. ముందు రేకుల షెడ్డు, అందులో మా ఆయన వెల్డింగ్ కొట్టు. వెనక రెండు గదులూ వంటిల్లూ. షెడ్డుకీ వంటింటికీ మధ్య ఒక్క గోడ, ఆ గోడకి ఒక కిటికీ. నా కాపురం సగం ఆ కిటికీలోంచే గడిచింది. టీ గ్లాసు అందులోంచే, అన్నం పళ్లెం అందులోంచే, తగువూ అందులోంచే.

నాజిలంటే తెలియనివాళ్లుంటారు కాబట్టి చెప్తాను. గ్యాస్ కట్టరు చివర బిగించే రాగి ముక్కు అది. దాని మూతికి నడిమధ్య ఒక చిల్లి, చుట్టూ ఇంకా సన్నటి చిల్లులు. చుట్టూ ఉన్నవాటిలోంచి మంట వచ్చి ఇనుమును ఎర్రగా కాలుస్తుంది. బాగా ఎర్రబడ్డాక మీట నొక్కితే నడిమి చిల్లిలోంచి ఆక్సిజన్ దూసుకొచ్చి, కాలిన ఇనుమును చిట్టెం చేసి కిందికి ఊదేస్తుంది. కోత అంటే అంతే. కాకపోతే ఆ నడిమి చిల్లి ఎంతదన్న దాంట్లోనే పనంతా ఉంది. పల్చటి రేకుకి పెద్ద చిల్లిది బిగిస్తే అంచులు కరిగి కారిపోతాయి, కోత చూడబోతే ఎలక కొరికినట్టుంటుంది. మందపాటి పలకకి చిన్న చిల్లిది బిగిస్తే అడుగుదాకా తెగదు, కిందికి పోవాల్సిన నిప్పురవ్వలు ఎదురు తిరిగి చేతుల మీదికి వస్తాయి. మా ఆయన ముంజేతుల మీద మచ్చలు చాలామటుకు అలా పడినవే.

వంకర ముక్కువి వేరే ఉంటాయి. అవి కొయ్యడానికి కాదు, గాడి తియ్యడానికి. ఇనప పలకకి బీట వచ్చిందనుకోండి, దాని మీద ఊరికే వెల్డింగ్ పూస్తే లోపలి బీట లోపలే ఉండి నాలుగు రోజులకి మళ్లీ విచ్చుకుంటుంది. అందుకని బీట పొడుగునా చిన్న కాలవలా తవ్వుకుంటూ పోయి, బీట అంతమయ్యేదాకా చూసి, అప్పుడు ఆ కాలవని వెల్డింగుతో పూడ్చాలి. కొట్లో దాన్ని గౌజింగ్ అంటారు. ముక్కుని బాగా వాల్చి పట్టి, అట్లకాడతో పెనం గీకినట్టు పైపైన తీసుకుంటూ పోవాలి. దీనికీ చిల్లి చిన్నదీ పెద్దదీ ఉంటాయి. పెద్దది బలమైన ఇరుసులకి. చిన్నది పలకలకి.

నాజిళ్ల మీద నంబర్లు కొట్టి వస్తాయి కానీ, వేడికీ వాడకానికీ అవి అరిగిపోతాయి. అరిగిపోకపోయినా నాకు పెద్దగా పనికిరావు, నా చదువు మూడో తరగతితో సరి. షెడ్డులో ఉంచితే దుమ్ముకి చిల్లులు పూడుకుంటున్నాయని ఆయన వాటిని ఇంట్లోకి తెచ్చి అర మీద పడేసేవాడు. ఒక రోజు మూత బందు విరిగిన పాత పోపుల డబ్బా కనబడితే నేనే వాటిని గిన్నెలవారీగా సర్దాను. అన్నిటికన్నా సన్న చిల్లిది ఆవాల గిన్నెలో. దాని తరవాతది జీలకర్ర గిన్నెలో. అర అంగుళం పలకకి వాడేది మెంతుల గిన్నెలో. షాఫ్టులు కోసేది మినప్పప్పు గిన్నెలో. చిన్న వంకరది ఎండుమిరపకాయల గిన్నెలో, పెద్ద వంకరది ధనియాల గిన్నెలో. పసుపు గిన్నెలో చిల్లులు పొడుచుకునే సన్న తీగలు. ఆ తరవాత నుంచి ఆయన కిటికీ దగ్గరికొచ్చి, ‘ఒసే, మెంతిది అందియ్యి’ అనేవాడు. బేరానికి వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు.

“ఏటి బావా, గేటు సేస్తన్నావా, పులుసు పెడతన్నావా?”

“రెండూను. గేటు నీకు, పులుసు నాకు.”

అలా ఏళ్లు గడిచాయి. ఆ మాటకి మేం నవ్వడం మానేశాం గాని, కొత్తవాళ్లు వచ్చి మళ్లీ అదే మాట అంటూనే ఉన్నారు.

మా ఆయన కళ్లు పాడవడం మొదట కనిపెట్టింది నేనే. నాజిల్ చేతికిస్తే ఆయన అలవాటుగా ఆకాశం వైపు పెట్టి, ఒక కన్ను మూసి, చిల్లిలోంచి చూసేవాడు. చిల్లి గుండ్రంగా ఉందా, చిట్టెం అడ్డుపడిందా, ఇది కావాల్సిందేనా అన్నది అక్కడే తేలిపోయేది. అలాంటిది ఆకాశం వైపు పెట్టడం అయితే పెడుతున్నాడు గాని, రెండో కన్ను మూయడం మానేశాడు. చూడనివాడికి ఒక కన్నయితేనేం, రెండయితేనేం. నేను కిటికీలోంచి గమనించి ఊరుకున్నాను. తరవాత విజయనగరం తీసుకెళ్లి చూపించాం. శుక్లమయితే కోసి తీసేద్దుమమ్మా, ఇది కంటి వెనక పొర మీద మచ్చ, అద్దాలతో పోయేది కాదు, మంట పని మానిపించు అన్నారు డాక్టరుగారు. వచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ పక్క కూర్చున్నాడు.

“మానీసి ఏటి సెయ్యను,” అన్నాడు నెల్లిమర్ల దాటాక. నన్ను అడిగినట్టు లేదు.

“మంట కనబడతాదా నీకు?”

“మంట కనబడతాది. సుద్దగీత కనబడతాది, లావుగా గీస్తే. ఆ పుల్ల మొనంత సిల్లే కనబడదు.”

“అయితే సిల్లి నేను సూత్తాను.”

అదీ మా ఒప్పందం. ఈ సంగతి బయట పడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. కళ్లు కనబడనివాడి దగ్గరికి ఎవరూ ఇనుము తీసుకురారు. కొట్టు పోతే ఆయనకి ఉబుసుపోకపోవడం ఒక్కటే కాదు, మనిషే ఉండడేమో అని నా భయం. అందుకని డబ్బాని నేను దేవుడి పటంలా చూసుకునేదాన్ని. ఏ గిన్నెది ఆ గిన్నెలోకే తిరిగి వెళ్లాలి. ఆయనకి ఇక చూడక్కర్లేదు. మెంతి అంటే మెంతే.

మా వదిన, అంటే ఆయన అప్పా అని పిలిచే అక్క, భర్త పోయాక మా ఇంటికి వచ్చేసింది. మంచి మనిషి, కాని చేతులు ఊరుకోవు. మార్గశిర మాసం వచ్చిందంటే ఆవిడకి పూనకమే. ప్రతి లక్ష్మివారం అమ్మవారు ఇంటింటికీ తిరుగుతుందనీ, మసిగిన్నె కనబడిన ఇంటి గుమ్మం తొక్కకుండా పోతుందనీ ఆవిడ నమ్మకం. బుధవారం సాయంత్రానికల్లా గడపల దగ్గర్నుంచీ గరిటెల దాకా తోమేస్తుంది. ఆ ఏడు తోమడానికి ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు కాబోలు, నేను పచ్చగడ్డికని పొలం వైపు వెళ్లి వచ్చేసరికి అరుగు మీద పాత చీర పరిచి, నాజిళ్లన్నీ చింతపండుతో తోమి ఆరబెట్టింది. కొత్త కాసుల్లా మెరుస్తున్నాయి.

“సూసినావా? రాగి కదే ఇది. ఇన్నాళ్లూ మసి పట్టించీసి ఉంచినారు, ఎంత దరిద్రం.”

కంగారు మొహం మీదికి రానివ్వకుండా అన్నీ తిరిగి సర్దాలని కూర్చున్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. “పొయ్యి మీద ఎసరు మరుగుతన్నాది, ఎల్లు. గిన్నెల్లో ఏయడం నాకు రాదేటి? దేని పక్కన ఏది ఉందో సూసే తీసినాను.” ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఎసరు దించి వచ్చి నేను మూత తీసి చూస్తే తిన్నని ముక్కులు నాలుగూ ఉన్నచోటే ఉన్నాయి. తేలిక పడ్డాను. చీకటి పడుతోంది, గేదె అరుస్తోంది, మూత పెట్టేశాను. వంకర ముక్కుల గిన్నెలు నేను చూడలేదు.

మర్నాడు లక్ష్మివారం. ఇల్లంతా బియ్యప్పిండి ముగ్గులు. వదిన పూజలో కూర్చుంది, నేను పరమాన్నం కలుపుతున్నాను. అప్పుడు ఒక రైతు ట్రాక్టరు మీద చెరకు గానుగ పక్క పలక వేసుకుని వచ్చాడు. రోలర్లని పట్టి ఉంచే మందపాటి ఇనప పలక అది. ఇరుసు దూరే కంత దగ్గర జానెడు బీట వచ్చింది. ఈ రైతు మా ఆయనని బావా అంటాడు, నన్ను చెల్లీ అంటాడు. చుట్టరికం లేదు, పాత బేరం.

“బావా, సెరకు కొట్టీసి కళ్లంలో పడుంది. నిన్న పొద్దున కొట్టింది. ఇయాల రసం తియ్యకపోతే పులిసిపోతాది, బెల్లం గట్టిపడదు. పండగ పూట అనకు.”

“అననులే. అలా కూకో.”

పూజగదిలోంచి వదిన గొంతు వచ్చింది. “లచ్చివారం పూట ఇనుము ఏటిరా?”

“ఇనుముకి వారాలు తెలవ్వప్పా.”

ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, “మిరపకాయిది,” అన్నాడు. పలకకి చిన్న వంకరది కావాలి కదా, అది మిరపకాయల గిన్నెలోది. నా చేతులు రెండూ పరమాన్నం గిన్నె దగ్గరే ఉన్నాయి. పొంగు వచ్చే సమయం. డబ్బా మోచేత్తో కిటికీ గట్టు మీదికి జరిపి, “తీసుకో,” అన్నాను. ఆయన మూత తీసి గిన్నెలు వేళ్లతో లెక్కపెట్టుకుంటూ మిరపకాయల గిన్నెలో చెయ్యి పెట్టాడు. పెట్టి, కాసేపు ఆగాడు. తీసిన ముక్కుని వాసన చూసి నవ్వాడు.

“పులుసు ముందే పెట్టీసినట్టున్నారు.”

ఆ నవ్వుకి నేనూ నవ్వాను. ఆయన ఆగింది ఎందుకో అప్పుడు నాకు తట్టలేదు. ఆ గిన్నెలో ఒకటి కాదు, రెండున్నాయి. చిన్న వంకరదీ పెద్ద వంకరదీ పైకి అచ్చంగా ఒకేలా ఉంటాయి, చిల్లి ఒక్కటే తేడా. రెండూ ఒకే వంకరవి కదా, వేరువేరుగా ఎందుకని వదిన వాటిని ఒకే గిన్నెలో వేసింది. ధనియాల గిన్నె ఖాళీ. ఆయన వేళ్లకి రెండు తగిలాయి. నన్ను పిలిచి ఏది చిన్నదో చెప్పమందామంటే వెనక రైతు నిలబడి ఉన్నాడు. ఆయన మామూలుగా ఆకాశం వైపు పెట్టి చూశాడు. రెండు కళ్లతో. చూసి, తీసుకెళ్లి బిగించాడు.

మంట వెలిగిన చప్పుడు వినబడింది. కాసేపు కాల్చడం. తరవాత మీట నొక్కాడు.

ఇన్నేళ్లుగా గోడ ఇవతల కూర్చుని వింటున్నాను నేను. చిన్న వంకరది ఊదితే పాలు పొంగే ముందు గిన్నెలో వచ్చే సవ్వడిలా సన్నగా ఉంటుంది. పెద్దది బుసకొడుతుంది. వినబడింది బుస. గరిటె చేతిలో ఉండగానే షెడ్డులోకి పరిగెత్తాను. “మావా, ఆపు,” అన్నాను గాని, ఆ చప్పుడులో ఎవరికి వినబడుతుంది. భుజం మీద చెయ్యి వేసేదాకా ఆయన ఆపలేదు. ఆపేసరికి పలక అడుగునుంచి నిప్పుల ధార కిందికి కారుతోంది. గాడి ఉండాల్సిన చోట కన్నం పడింది. బొటనవేలు దూరేంత.

రైతు వంగి చూశాడు. తలపాగా తీసి మళ్లీ కట్టుకున్నాడు.

“గాడి తియ్యమంటే గొయ్యి తవ్వీసినావు బావా. నూతికేటి?”

ఎవరూ నవ్వలేదు. మా ఆయన మంట పని నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కన్నం మీద చెయ్యి తిప్పబోయాడు, అది ఎర్రగా ఉందని నేను చెయ్యి పట్టుకుని లాగాను. అప్పుడు రైతు ఆయన మొహంలోకి చూశాడు. ఆ చూపు నేను కొన్నాళ్లుగా భయపడుతున్న చూపే.

“నీకు అవుపడలేదేటి?”

చప్పుడు ఆగిపోయిందని వదిన పూజలోంచి లేచి వచ్చింది. నుదుట కుంకం, చేతిలో అక్షింతలు. విషయం ఆవిడకి ఒక్క నిమిషంలో అర్థమైంది. ఆవిడ బుర్ర తక్కువది కాదు.

“నాదే తప్పు నాయినా. ముక్కులు తోమీసి కలిపీసినాను. ఆడికేటి తెలుస్తాది, నేను కలిపీసినాక? నన్ను తిట్టుకో.”

రైతు తల పంకించాడు. నమ్మాడనే అనిపించింది. వదిన ఇచ్చిన ఆ మాటని మా ఆయన పట్టుకుంటే చాలు, అంతటితో పోయేది. ఇద్దరం ఆయన వైపే చూస్తున్నాం. ఆయన సిలిండరు కుళాయి నెమ్మదిగా కట్టాడు. కట్టరుని గోడకి చేరవేశాడు. ఒక పాత డ్రమ్ము మీద కూర్చున్నాడు.

“కలిపింది అప్పే. కలిపినా సిల్లి సూసుకుంటే తెలిసిపోతాది. నాకు అవుపడదు. కొన్నాళ్లయి అవుపడతనేదు. ఇదిగో, ఇది సూసి ఇస్తాది, నేను బిగిస్తాను.”

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. గరిటె నుంచి పరమాన్నం నేల మీద కారింది. లోపల అడుగంటిన వాసన వస్తోంది. ఎవరికీ వెళ్లాలని లేదు.

రైతు ట్రాక్టరు వైపు చూశాడు, పలక వైపు చూశాడు. ఆయన మొహంలో కోపం కన్నా అలసటే ఎక్కువ. కళ్లంలో చెరకు ఉంది, పెనం కింద పొయ్యి తవ్వి ఉంది, ఇంకో కొట్టుకి తీసుకెళ్తే ఈ రోజు పోతుంది.

“మరి ఇప్పుడేటి? కన్నం పూడుతాదా?”

“పూడుతాది. ఒక ముక్క కోసి అతికిస్తాను. మిగతా బీటకి సిన్నదానితో గాడి తీస్తాను. ఎల్డింగు ఎలుగు పెద్దది, అది నాకు బాగానే అవుపడతాది. ముక్కు మాత్రం దీని సేతులోనే.”

“సెల్లీ, నువ్వు సూస్తావా?”

“సూస్తాను అన్నయ్యా.”

“అయితే కానీండి. పోనీ, నేనూ ఇక్కడే కూకుంటాను.”

వదిన డబ్బా తెచ్చింది. నేను చేతులు కడుక్కుని షెడ్డు బయటికి, వెలుతురులోకి వచ్చి రెండు వంకర ముక్కులనీ పక్కపక్కన పట్టుకుని ఆకాశం వైపు పెట్టాను. ఒకదాంట్లో ఆకాశం సూదిమొనంత, ఒకదాంట్లో గసగసంత. ఇంత తేడాకి ఇంత పని. చిన్నది ఆయన చేతిలో పెట్టి, “ఇది మిరపకాయి,” అన్నాను. పాత పలకలోంచి అతుకు ముక్క కొయ్యడానికి, “ఇది మెంతి.” బీట అంతమైందో లేదో కూడా నేనే వంగి చూసి చెప్పాను. ఎర్రటి గాడిలో బీట వెంట్రుకలా నల్లగా కనబడుతుంది. “ఇంకా ఉన్నాది, ఇంకొంచెం ముందుకి. ఉన్నాది. ఆ, పోయింది.” నేను ఆగమన్నచోట ఆయన ఆగాడు. ఒక్కసారైనా ‘సరిగ్గా చూశావా’ అనలేదు.

పలక మధ్యాహ్నం దాటాక ట్రాక్టరెక్కింది. అతుకు గుడ్డకి మాసిక వేసినట్టు ఉబ్బెత్తుగా ఉంది, అందంగా లేదు. ఆ గానుగ ఆ సీజనంతా దాంతోనే తిరిగింది. వెళ్లేముందు రైతు మాడిన పరమాన్నం తిని వెళ్లాడు, బాగుందన్నాడు. బాగోలేదని మా అందరికీ తెలుసు.

ఆ రైతు మంచివాడే, ఊళ్లో చాటింపు వెయ్యలేదు. అడిగినవాళ్లకి మాత్రం అబద్ధం చెప్పలేదు. మెల్లగా పెద్ద ఇనుము రావడం తగ్గింది. ఇరుసులూ, గానుగలూ, లారీ పలకలూ వేరే కొట్లకి వెళ్లిపోయాయి. మాకు గేట్లు మిగిలాయి, కిటికీ ఊచలు, పొయ్యి చట్రాలు. వాటికి జీలకర్ర చాలు. మినప్పప్పు గిన్నెలో చెయ్యి పెట్టి ఎన్నాళ్లయిందో.

కిటికీ ఇప్పుడు అవసరం లేదు. షెడ్డులోనే ఆయన పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటాను, డబ్బా ఒళ్లో పెట్టుకుని. కూరగాయలు అక్కడే తరుగుతాను. బేరానికి వచ్చినవాళ్లు మొదట నన్ను చూసి తటపటాయిస్తారు, తరవాత పట్టించుకోరు. మార్గశిరం వస్తే వదిన ఇల్లంతా తోముతుంది, డబ్బాని మాత్రం ముట్టుకోదు. మూత మీద ఒక కుంకంబొట్టు పెట్టి వెళ్లిపోతుంది. మసి ఉన్నా అమ్మవారు చూసుకుంటుందిలే అంటుంది.

మొన్న ఆయన జీలకర్రది అడిగితే తీసి ఆకాశం వైపు పెట్టాను. కాస్త దూరం జరిపితే గాని చిల్లి తేలలేదు. మళ్లీ ఇంకొంచెం దూరం జరిపాను. ఆయన చెయ్యి చాపి ఉంచాడు.

“ఏటి, అవుపడతన్నాదా?”

“అవుపడతన్నాది.”

“తొందర నేదులే. నెమ్మదిగానే సూడు.”

చెయ్యి అలాగే చాపి కూర్చున్నాడు. నేను నెమ్మదిగానే చూశాను.